బియ్యం సంచిలో సగం మనిషి

పెద్దదీవి సంఘంలో పాస్టరుగారికి తెలియని పాపాలు కూడా ఓక్బున్‌కి తెలిసేవి. అందుకోసం ఆవిడ ఎవరి గుమ్మం దగ్గరా నిలబడలేదు, ఎవరి ముఖంలోకీ గుచ్చి చూడలేదు. శనివారం సాయంత్రం ఆ ఇంటి బియ్యం సంచి చేతికి వస్తే ఒకసారి పైకెత్తి దింపేది. అంతే.

మా దీవుల్లో నమ్మిన ఇల్లాలు ఏ పూటకాపూట ఎసరు పెట్టే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఇంట్లో ఉన్న ఒక్కొక్కరి పేరునా ఒక్కొక్క చెంచా తీసి, పొయ్యి పక్కన మేకుకు వేలాడే తెల్లగుడ్డ సంచిలో వేస్తుంది. వేస్తూ ఆ మనిషి పేరు చెప్పి నాలుగు మాటలు ప్రార్థన చేస్తుంది. వారం చివర సంచులన్నీ చర్చికి చేరతాయి. పాస్టరుగారింటి అన్నం, దిక్కులేని వాళ్ళ అన్నం అందులోంచే. సగానికి సగం బార్లీ కలుపుకుని తినే రోజులవి. సంచిలో పడేది మాత్రం తెల్లబియ్యమే. దేవుడికి బార్లీ సరిపడదని ఎవరు కనిపెట్టారో తెలియదు గాని, ఆ మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

ఆ సంచుల్ని పెద్ద జాడీలోకి ఒంపే అధికారం ఇరవయ్యేళ్ళకు పైగా ఓక్బున్‌ది. మనిషికి వారానికి ఇరవయ్యొక్క చెంచాలు. లెక్క పక్కా. అందుచేత ఏ ఇంటి మగాడు అలిగి అక్కగారింటికి పోయాడో, ఏ ముసలాయనకు అన్నం సహించడం లేదో ఆవిడ చేతికి ముందు తెలిసేది. కొత్తకోడలు మొగుడికైనా చెప్పని శుభవార్త సంచి బరువులో బయటపడేది. సంఘపెద్ద పాంగ్‌గారు కొండమీద ఏడురోజులు కటిక ఉపవాసం చేసి వచ్చానని కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పిన వారం, వాళ్ళింటి సంచి వీసమెత్తు కూడా తగ్గలేదు. ఓక్బున్ ఆ సంచిని ఆయన కళ్ళముందే రెండుసార్లు ఎత్తి దింపింది. తరవాత పాంగ్‌గారు కొండెక్కలేదు.

ఇంతటి విద్య ఉన్న మనిషి తన ఇంటి సంచిని మాత్రం ఎప్పుడూ తూచలేదు. తూచాల్సి వస్తుందని అనుకోలేదు.

ఓక్బున్‌వాళ్ళది చిన్నదీవి. పద్దెనిమిది ఇళ్ళు, ఉప్పుమడులు, ఒక దిబ్బ. పెద్దదీవికి రావాలంటే బురదలో పరిచిన రాళ్ళదారి మీద నడిచి రావాలి. ఆటు సమయంలో రాళ్ళు పైకి తేలతాయి, పోటు వస్తే మునిగిపోతాయి. ఆ మధ్యలో ఉన్న నాలుగు గంటల్లోనే పెళ్ళయినా, ఆరాధనైనా, బడైనా. ఇంట్లో ఐదుగురు: ఓక్బున్, ఉప్పుమడిలో పనిచేసే కొడుకు, కోడలు, ఏడేళ్ళ మనవరాలు ఉన్‌సిల్, రెండేళ్ళ మనవడు. ఆవిడకు అప్పటికి అరవైమూడు.

మార్చి నెలలో ఒక శనివారం కోడలు అందించిన సంచి చేతికి తీసుకుని, ఓక్బున్ అక్కడే నిలబడిపోయింది.

"ఏమే అమ్మాయ్, మనింట్లో ఎంతమందిమి?"

"ఐదుగురం. ఏం అత్తమ్మా, ఎవర్నన్నా తగ్గించేద్దామనా?"

"సంచిలో ఐదుగురు కాదు. ఐదుగురూ, ఇంకో సగం మనిషీ ఉన్నారు."

కోడలు నవ్వింది. మళ్ళీ అత్తగారి ముఖం చూసి నవ్వు మానేసింది. ఓక్బున్ చాపమీద బియ్యం ఒంపి, చెంచాతో ఒక్కొక్కటే కొలిచి తిరిగి సంచిలో పోసింది. నూట ఐదు ఉండాలి. నూట పదిహేను తేలాయి.

"నేను లెక్క తప్పలేదు అత్తమ్మా. పైగా రెండు మూడుసార్లు సంచి మూతి తాడు వేరేగా ముడేసి ఉంటే, మీరే ఎక్కువ వేస్తున్నారనుకున్నా."

"నేనెందుకు వేస్తానే?"

"ఏమో. పెద్దవాళ్ళు. పోయినవాళ్ళని కూడా లెక్కలోకి తీసుకుంటారేమోనని..."

"నాకింకా మతి చెడలేదు. నోరుమూసుకుని పని చూసుకో."

ఆ సోమవారం మధ్యాహ్నం సంగతి తేలిపోయింది. కోడలు పెరట్లో ఉంది. ఓక్బున్ పొయ్యింట్లోకి వచ్చేసరికి ఉన్‌సిల్ బోర్లించిన తొట్టిమీద నిలబడి, మేకుకున్న సంచి మూతి విప్పి, చెంచాడు బియ్యం వేసి, కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది.

"ఎవరికే ఆ చెంచా?"

"తడి అక్కకి."

"ఏ తడి అక్క?"

"వస్తుందే, ఆ అక్క. వచ్చినప్పుడే వేస్తా నానమ్మా. రాకపోతే వెయ్యను. ఇంట్లో ఉన్నవాళ్ళకే కదా వెయ్యాలి?"

ఇందులో తప్పు పట్టడానికి ఏ పాస్టరుకూ వీలులేదు. అయినా ఓక్బున్ ఊరుకోలేదు.

"ఎలా ఉంటుంది?"

"తడిగా."

"తడి సరేలే. ఇంకా?"

"నాకన్నా కొంచెం పెద్దది. జుట్టులోంచి నీళ్ళు కారతాయి, కింద మాత్రం తడవదు. కాలిన నాచు వాసనొస్తుంది. అదిగో, అక్కడ నిలబడుతుంది," అని తలుపు మూల చూపించింది. "చేతిలో మన సంచిలాంటిదే సంచి. ఒక్క కాలికే రబ్బరు చెప్పు. ఆకలేస్తోందంటుంది."

ఓక్బున్ ఆ తలుపు మూల వైపు చూడలేదు. చూడకుండా మనవరాలిని తొట్టిమీంచి దింపి, చేతికి పని కావాలి గనక, అప్పటికే తుడిచి ఉన్న పొయ్యిగట్టు మళ్ళీ తుడిచింది.

ఇరవయ్యారేళ్ళ కిందట ఓక్బున్‌కి సూనిమ్ అని ఒక కూతురు ఉండేది. తొమ్మిదేళ్ళది. ఒక శనివారం ఇంట్లో నాచు ఆరబెట్టే పని ఎక్కువై, బియ్యం సంచి చర్చిలో ఇచ్చి రమ్మని ఓక్బున్ ఆ పిల్లని ఒక్కదాన్నే రాళ్ళదారి మీద పంపింది. మధ్యదారిలో పొగమంచు దిగింది. పిల్ల రాళ్ళ మీదనుంచి ఎందుకు దిగిందో ఎవరికీ తెలియదు. మూడోరోజున ఉప్పుమడి తూము దగ్గర దొరికింది. సంచి దొరకలేదు. ఒక కాలికి చెప్పు లేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే: పిల్లని పైకి తీసిన ఉప్పుమడి ముసలాయన, కడిగి బట్టలు మార్చిన తల్లి. ముసలాయన పోయి పదిహేనేళ్ళయింది. తల్లి ఆ తరవాత కూతురి పేరు ఎత్తలేదు, ఇంట్లో ఎవర్నీ ఎత్తనివ్వలేదు. మరుసటి ఏడు చర్చిలో జాడీ బాధ్యత ఎవరు తీసుకుంటారని అడిగితే, అందరికన్నా ముందు లేచి నిలబడింది.

ఇక ఉన్‌సిల్ జబ్బు సంగతి. పిల్లకి రెండేళ్ళుగా మూర్ఛలు. నెలకు ఒకటో రెండో. ఉన్నట్టుండి కొయ్యబారి పడిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకునేది. ఆ రెండేళ్ళలో పాంగ్‌గారు దయ్యాన్ని వెళ్ళగొట్టడానికి మూడుసార్లు వచ్చి, పెరట్లో పంది మేత మానేసేదాకా గద్దించాడు. పిల్లకి మాత్రం ఏ తేడా కనబడలేదు. పంది కోలుకోవడానికి వారం పట్టింది. పాస్టరుగారు అంత గొంతు ఉన్నవాడు కాదు. "ప్రార్థన మానకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానకండి. రెండూ ఆయన ఇచ్చినవే," అనేవాడు. ఆ మాట మీదే కోడలు నెలకోసారి పిల్లని లాంచీలో మొక్పో పట్నానికి తీసుకువెళ్ళేది. అక్కడ నెలకొక రోజు ఈ జబ్బువాళ్ళ కోసమే ఒక డాక్టరు కూర్చుని మాత్రలిచ్చేవాడు.

మార్చి నెల ప్రయాణానికి ఓక్బున్ కూడా బయల్దేరింది. లాంచీలో వాంతి చేసుకోకుండా ఉండటానికి మూడు కీర్తనలు పాడి, నాలుగోదాని మధ్యలో వాంతి చేసుకుంది.

డాక్టరు కుర్రవాడు. కాగితం చూసి, "ఈ నెల్లో ఎన్నిసార్లు వచ్చింది?" అన్నాడు.

"ఒక్కసారే అండీ," అంది కోడలు.

"పెద్దది ఒకటి," అంది ఓక్బున్. "చిన్నవి వారానికి పది."

"చిన్నవంటే? ఎవరు చూశారు?"

"ఎవరూ చూళ్ళేదు బాబూ. బియ్యాన్ని బట్టి తెలిసింది."

డాక్టరు కలం కింద పెట్టాడు. ఓక్బున్ చెప్పిందంతా విన్నాడు. చెప్పు సంగతి, సూనిమ్ సంగతి ఆవిడ చెప్పలేదు. మిగతాదంతా చెప్పింది. ఆయన ఉన్‌సిల్‌ని దగ్గరికి పిలిచి రెండు మూడు ప్రశ్నలు అడిగాడు. అక్క వచ్చినప్పుడు ఎవరన్నా పిలిస్తే వినబడదని పిల్ల చెప్పింది.

"అవీ మూర్ఛలే, నానమ్మగారూ. కళ్ళు నిలబడిపోవడం, లేని వాసన రావడం, మనిషి కనబడటం. మెదడులో ఒకేచోట నిప్పురవ్వ పడుతుంది. అది పెరిగితే పెద్దది వస్తుంది. ఇవి నాకెవరూ ఇన్నాళ్ళూ చెప్పలేదు. మాత్ర పెంచుతాను. సాయంత్రం ఒక్కపూట కూడా తప్పకూడదు. సొంతంగా మానేశారంటే ముందటికన్నా గట్టిగా వస్తుంది."

"మరి ఆ అక్క?"

"పోతుంది," అన్నాడు డాక్టరు, శుభవార్త చెప్పే ముఖంతో.

శుభవార్తే. కోడలు లాంచీ రేవుదాకా ఏడుస్తూనే నడిచింది. తన సంచి లెక్కే మనవరాలికి మందు అయిందని ఓక్బున్ కూడా మనసులో స్తోత్రం చెప్పుకుంది. ఆ రోజు నుంచి మాత్రలు ఆవిడ చేతిలోకి వచ్చాయి. లెక్క తప్పని మనిషి ఆవిడే గదా అని కోడలే డబ్బా తెచ్చి అత్తగారి నడుముకు కట్టే గుడ్డతిత్తిలో పెట్టింది. రోజూ సాయంత్రం ఓక్బున్ మాత్రని నలిపి, చెంచాడు బియ్యపు పాకంలో కలిపి మనవరాలి నోట్లో పెట్టేది.

ఏప్రిల్‌లో సంచిలో సగం మనిషి ఆరు చెంచాలయ్యాడు. జూన్‌లో మూడు. ఉన్‌సిల్ బడికి పోవడం మొదలుపెట్టి తాడాట నేర్చుకుంది. పక్కింటి మగపిల్లవాణ్ణి బురదలోకి తోసి, వాళ్ళమ్మ చేత ఇంటిల్లిపాదికీ తిట్లు కూడా పెట్టించింది. ఆ తిట్లు వింటూ కోడలు గుమ్మంలో నిలబడి మురిసిపోయింది. ఆగస్టులో వారమంతా కలిపి ఒకటి. సెప్టెంబరు పౌర్ణమి పండగనాటికి సరిగ్గా నూట ఐదు. ఆపైన ఏ వారం కొలిచినా నూట ఐదే.

ఓక్బున్ తెల్లవారుజాము ప్రార్థనల్లో దేవుడికి కృతజ్ఞతలు చెప్పేది. నిజంగానే చెప్పేది, నోటిమాటగా కాదు. పిల్ల పరుగెడుతుంటే ఆవిడ కళ్ళు నీళ్ళు తిరిగేవి. అయినా ప్రతి శనివారం తలుపు గడియ పెట్టుకుని సంచి ఒంపి కొలిచేది. నూట ఐదో చెంచా అయ్యాక చాపమీద గింజలేమైనా మిగిలాయేమోనని అరచేత్తో తడిమేది. అలా తడమడం కృతజ్ఞత కాదని ఆవిడకు తెలుసు.

సూనిమ్‌ని ఆవిడ ఒక్క మాట అడగాలి. రాళ్ళ మీదనుంచి ఎందుకు దిగావే అని. దారి కనబడకా? సంచి జారిపడితే తియ్యడానికా? బియ్యం పోతే అమ్మ తిడుతుందనా? ఇరవయ్యారేళ్ళుగా అడగడానికి మనిషి లేదు. తీరా మనిషి వచ్చి పొయ్యింట్లో నిలబడితే, ఒక్క మాటైనా అడగకముందే మాత్రలు పెట్టి వెళ్ళగొట్టింది.

నవంబరులో పంటకోత కృతజ్ఞతా ఆదివారం దగ్గరపడింది. ఆ ఆదివారం ఉన్‌సిల్ గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు మంగళవారం వచ్చి అడిగాడు.

"నాలుగు మాటలు చాలు. చిన్నదానికి రెండు నెలలుగా బాగుందని, దేవుడు మేలు చేశాడని."

"కోడలు చెబుతుందిలెండి."

"మీరు చెబితేనే వింటారు. మీ నోట ఎక్కువ లెక్క రాదని అందరికీ తెలుసు."

బుధవారం సాయంత్రం ఓక్బున్ పాకం చెంచాలో పోసింది. తిత్తి విప్పింది. మాత్ర తీసింది. మళ్ళీ లోపల పెట్టింది. ఉత్త పాకం మనవరాలి నోట్లో పెట్టింది. ఉన్‌సిల్ చెంచా నాకి, "ఇవాళ చేదు లేదే!" అని సంతోషించింది. కోడలు పక్కగదిలో చంటివాణ్ణి నిద్రపుచ్చుతూ ఏమీ గమనించలేదు.

ఒక్కసారి వస్తే చాలు, ఒక్క మాట అడిగి మళ్ళీ మందు మొదలుపెడతానని ఓక్బున్ తనకు తాను చెప్పుకుంది. గురువారం కూడా అదే చెప్పుకుంది. శుక్రవారం కూడా.

శనివారం సంచి కొలిచింది. నూట ఆరు.

ఉన్‌సిల్‌ని పిలిచి, "ఇవాళ వచ్చిందా?" అంది, గొంతు తగ్గించి.

"ఊఁ. పొద్దున్న."

"ఏమంది?"

"లోపలికి రాలేదు. గడప బయటే నిలబడింది. ఎందుకొచ్చావంటే, మీ నానమ్మ పిలిచిందిగా అంది." పిల్ల మోకాలు గోక్కుంటూ ఆవిడ వైపు చూసింది. "నువ్వెప్పుడు పిలిచావు నానమ్మా?"

ఓక్బున్ ఆ సాయంత్రం మాత్ర ఇద్దామని తిత్తి విప్పింది. ఇంకొక్క రోజు అనుకుని మళ్ళీ కట్టేసింది.

ఆదివారం కొడుకూ కోడలూ చంటివాడితో తెల్లారేసరికే పెద్దదీవికి వెళ్ళారు. సంఘమంతటికీ వండే వంట వాళ్ళ వంతు. ఓక్బున్, ఉన్‌సిల్ తొమ్మిదిన్నరకు బయల్దేరారు. పట్టపగలే, కాని పొగమంచు అప్పటికే బురద మీదకు దిగి ఉంది. రాళ్ళు ముందు ఏడెనిమిది కనబడుతున్నాయి, వెనక నాలుగు. పోటు మొదలవడానికి ఇంకా గంట ఉంది. ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుంది.

మంచు దిగిన రోజున చిన్నదీవి వాళ్ళంతా చేరేదాకా పెద్దదీవి చర్చిగంట కొడుతూనే ఉండాలని ఒక కట్టుబాటు ఉంది. ఆ రోజు గంట తాడు పాంగ్‌గారి చేతిలో ఉంది. ఆయన గద్దింపుల్లాగే గంట కూడా వరస లేకుండా మోగుతోంది. రెండు దెబ్బలు, ఆయాసం, మళ్ళీ మూడు.

సగందారి వచ్చాక ఉన్‌సిల్ ఆగింది.

"నడవవే."

"అక్క నడుస్తోంది పక్కన."

ఓక్బున్ వింది. గంట ఆయాసపడ్డ విరామంలో, రాళ్ళ పక్కన బురదలో అడుగుల చప్పుడు. ఒకటి రబ్బరు బురదకు అతుక్కుని ఊడినట్టు. తరవాతది మెత్తగా, ఉత్త కాలు. మళ్ళీ రబ్బరు. మళ్ళీ ఉత్త కాలు. వాళ్ళు ఆగితే అదీ ఆగింది.

"ఎక్కడ?" అంది ఓక్బున్.

"అదిగో." పిల్ల వేలు ఎడమవైపు తెల్లటి మంచులోకి చూపించింది. "ఇటు దగ్గరట. రమ్మంటోంది." పిల్ల కాలు రాయి అంచు దాటి కిందికి దిగబోయింది.

ఇరవయ్యారేళ్ళుగా దాచుకున్న మాట ఓక్బున్ నాలుక మీదకు వచ్చేసింది. అడగడానికి నోరు తెరిచింది కూడా. అంతలో చేతిలో ఉన్న చిన్న చెయ్యి బిగుసుకుంది. పిల్ల మెడ ఒకవైపుకు తిరిగిపోయింది. గొంతులోంచి పిల్లది కాని కేక వచ్చింది. ఓక్బున్ ఆ శరీరాన్ని అందుకుని రాయిమీద కూలబడింది. డాక్టరు చెప్పినట్టు పక్కకు తిప్పి ఒళ్ళో పడుకోబెట్టింది. నోట్లో ఏమీ పెట్టలేదు. తల రాయికి కొట్టుకోకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. పిల్ల పెదవులు నీలంగా మారాయి.

పక్కన అడుగులు దగ్గరకు వచ్చి ఆగాయి. కాలిన నాచు వాసన వచ్చింది. ఓక్బున్‌కి వచ్చింది, ఉన్‌సిల్‌కి కాదు.

ఆవిడ తల ఎత్తలేదు. ఎత్తితే ఎవరు కనబడతారో ఆవిడకు తెలుసు, ఎత్తితే ఏం అడుగుతుందో కూడా తెలుసు.

"సూనిమ్," అంది. ఆ పేరు పలికి ఇరవయ్యారేళ్ళయింది. "నిన్ను పంపింది నేనే తల్లీ. తప్పు నాది. నీ దగ్గర నాకు జవాబేమీ వద్దు. ఇది నీ తమ్ముడి కూతురు. దీన్ని వదిలి వెళ్ళమ్మా. నేనింక పిలవను."

ఒళ్ళో పిల్ల కొట్టుకుంటూనే ఉంది. ఓక్బున్‌కి ప్రార్థనలేవీ గుర్తురాలేదు. ప్రభువా, ప్రభువా అని మాత్రం అంటూ ఉంది, గంట మోగినప్పుడల్లా ఒకటి. ఎంతసేపో చెప్పలేనంది తరవాత. ఇరవై దాకా లెక్కపెట్టి లెక్క తప్పిందట. ఆవిడ లెక్క తప్పడం అదే మొదలు.

చివరికి పిల్ల ఒళ్ళు వదులైంది. గురక లాంటి ఊపిరి వచ్చింది. పెదవులకు రంగు తిరిగింది. పక్కన అడుగుల చప్పుడు లేదు. నీళ్ళ చప్పుడు ఉంది. పోటు ముందే మొదలై, రాళ్ళ మధ్య సందుల్లోకి నీరు ఎక్కుతోంది. ఓక్బున్ ఏడేళ్ళ పిల్లని వీపున వేసుకుని లేచింది. ఎడమవైపు చూడకుండా గంట వైపు నడిచింది. చివరి వంద రాళ్ళూ చీలమండల లోతు నీళ్ళలో, కాలితో తడుముకుంటూ.

చర్చి గుమ్మంలో పాంగ్‌గారు తాడు వదిలి, "ఎంత ఆలస్యం! నా భుజాలు పడిపోయాయి," అని మొదలుపెట్టి, ఆవిడ ముఖం చూసి నోరు మూశాడు. మళ్ళీ మెల్లగా, "పిల్లని ఇటివ్వండి," అన్నాడు. ఓక్బున్ ఇవ్వలేదు. లోపల చలికాచుకునే పొయ్యి దగ్గర కూర్చుని, పిల్ల కళ్ళు తెరిచి, తన పేరు చెప్పి, నీళ్ళు అడిగేదాకా ఆగింది. అప్పుడు తిత్తి విప్పి, మాత్ర ఇచ్చింది. కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి పక్కన కూలబడింది.

"మళ్ళీ వచ్చిందా? రెండు నెలలు లేదుగా అత్తమ్మా! మాత్ర వేస్తూనే ఉన్నాంగా!"

ఓక్బున్ నోరు విప్పబోయింది. ఈలోగా పాస్టరుగారు వేదిక మీంచి ఆవిడ పేరు పిలిచాడు. తలుపు దగ్గర జరిగింది ఆయన చూడలేదు.

తడిసిన పావడా అంచులతో ఆవిడ ముందుకు వెళ్ళి నిలబడింది. వేదిక మీద గుమ్మడికాయలు, ముల్లంగి, కొత్తబియ్యం రాశిగా పోసి ఉన్నాయి. సంఘం అంతా ముందుగానే ఆమేన్ పెదవుల మీద పెట్టుకుని కూర్చుంది.

"నా మనవరాలికి దేవుడు మేలు చేశాడు," అంది ఓక్బున్. ఆమేన్ అన్నారు అందరూ. "నెలకు రెండుసార్లు పడిపోయే పిల్ల రెండు నెలలు పడలేదు. బడికి పోయింది. ఒకణ్ణి బురదలోకి తోసింది." నవ్వారు. ఆమేన్ అన్నారు.

"బుధవారం నుంచి నేను దానికి మాత్ర ఇవ్వలేదు."

పొయ్యి దగ్గర కోడలు తల ఎత్తింది.

"పోయిన నా కూతురు ఈ పిల్లకి కనబడేది. మాత్ర పడితే కనబడటం మానేసింది. దాన్ని చూడాలని, ఒక మాట అడగాలని, నేను మందు ఆపాను. నాలుగు రోజులు ఉత్త పాకం పెట్టాను. కోడలికి తెలీదు. ఇందాక రాళ్ళమీద, నీళ్ళు వస్తుండగా, నా చేతుల్లో పిల్ల చచ్చిపోబోయింది. దేవుడు చావనివ్వలేదు. అందుకు స్తోత్రం. ఇంకొక దానికి కూడా స్తోత్రం చెప్పాలి. నోరు రావడం లేదు గాని చెప్పాలి. నా సూనిమ్ ఇక రాదు. రాకుండా చేసినందుకు కూడా, ప్రభువా, నీకు స్తోత్రం."

దీనికి ఆమేన్ అనాలో వద్దో సంఘానికి తెలియలేదు. పాస్టరుగారు పుస్తకం తెరిచి మూశాడు. పాంగ్‌గారంతటివాడు నేల చూశాడు. ముసలివాళ్ళు కొందరికి ఆ పేరు గుర్తొచ్చి కళ్ళు తుడుచుకున్నారు. ఓక్బున్ దిగిపోకుండా అక్కడే నిలబడింది, తీర్పు వినేవాళ్ళలాగా.

వెనక పొయ్యి దగ్గర కోడలు లేచి నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది. పిల్ల ఆమె భుజం మీద నిద్రపోతోంది. ఆమె వరసల మధ్యనుంచి నడిచి వేదిక దాకా వచ్చి, అత్తగారి ముందు చెయ్యి చాచింది. ఓక్బున్ నడుము తిత్తి విప్పి, మాత్రల డబ్బా ఆ చేతిలో పెట్టింది.

"ఇకనుంచి నేనే ఇస్తాను," అంది కోడలు.

"సరేనమ్మా."

"మిమ్మల్ని ఇంకా క్షమించలేదు."

"సరే."

కోడలు డబ్బాను రవికలో దోపుకుంది. భుజం మీది పిల్లని సర్దుకుంది. కాసేపటికి నిద్రపోతున్న ఉన్‌సిల్‌ని మెల్లగా భుజం మీంచి తీసి, అత్తగారి చేతుల్లో పెట్టింది.

"ఆమేన్," అంది, ఎవరికీ వినబడనంత చిన్నగా. ముందు వరసలో ఉన్నవాళ్ళు విని, తామూ అన్నారు.